ఒక గీత పైకి జరిపిన చుక్క

దస్తగిరి గారి గురించి నాకు నిశ్చయంగా తెలిసినవి నాలుగు. ఆయనది అల్లూరులో పరుపులు కుట్టే కుటుంబం. నేను పనిచేసిన వృత్తి విద్యాలయపు బ్యాండులో ఆయన ఆరేళ్లు మొదటి క్లారినెట్ వాయించారు. ఒకరోజు నేను ఆయన ముందు పెట్టిన కాగితంలో ఒక స్వరం చుక్కను కావాలని ఒక గీత పైకి జరిపి రాస్తే, ఆయన నేను రాసినట్టు కాక, పాట అసలు ఉండవలసినట్టు వాయించారు. ఆ కారణం చేత ఆయనకు రావలసిన ఉద్యోగం రాకుండా పోయింది. ఈ నాలుగింటిలో చివరి రెండూ నా చేతుల మీదుగా జరిగాయి.

తక్కినదంతా వినికిడి. ఆయనకు నొటేషన్‌లో ఒక్క చుక్క కూడా తెలియదని రెండో క్లారినెట్ వాయించే రమణయ్య చెప్పాడు. చిన్నతనంలో మద్రాసులో ఒక సర్కసు బ్యాండు వెంట రెండేళ్లు తిరిగి అక్కడ చదవడం నేర్చుకున్నారని డ్రమ్ము వాయించే సుబ్బరాయుడు చెప్పాడు. ఏ సర్కసు అని అడిగితే మాత్రం చెప్పలేకపోయాడు. ఉద్యోగం పోయిన తరువాత ఆయన తన క్లారినెట్‌ను కృష్ణపట్నం రేవులో నీళ్లలోకి విసిరేశారన్నది బ్యాండు వాళ్లలో చాలాకాలం తిరిగిన కథ. అది అబద్ధం. ఆ క్లారినెట్‌ను ఆయన అంగడి గోడకు వేలాడుతుండగా నేను తరువాత చూశాను.

బ్యాండు మాస్టరు పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటుంది: వాయించేవాడికి ముందు కాగితం చదవడం నేర్పాలా, చెవితో పట్టుకోవడం నేర్పాలా అని. ముప్పై ఏళ్లలో నేను ఏ హోదాలో ఎక్కడ పనిచేశానో సర్వీసు పుస్తకంలో ఉంది, దాన్ని ఇక్కడ ఎత్తిరాయను. ఆ ప్రశ్నకు సమాధానం నాకు పూర్తిగా తెలుసని నమ్మిన రోజుల్లో నేనేం చేశానో మాత్రం రాస్తాను.

సుబేదారు గారి రూలు

యాభైల చివర మద్రాసులో భౌతికశాస్త్రం చదువు ముగించి ఆ విద్యాలయంలో సైన్సు మాస్టరుగా చేరాను. దాని పేరు రాయను. బిట్రగుంటలో రైలు దిగి తూర్పుగా ఎద్దుబండి మీద సగం పూట ప్రయాణం చేస్తే వచ్చేదని చెబితే చాలు. వడ్రంగం, కమ్మరం, నేత నేర్పే ఆ విద్యాలయానికి ఒక బ్యాండు ఉండేది. జెండా పండగలకు, పెద్ద అధికారులు వచ్చినప్పుడు, చుట్టుపక్కల పెండ్లిళ్లకు వాయించేవారు. దాన్ని నడిపేది పటాలంలో ఇరవై ఏళ్లు బ్యాండు వాయించి వచ్చిన ఒక సుబేదారు గారు. ఆయనది తడ దగ్గరి ఊరు. తెలుగులో తమిళం కలిసిపోయేది.

నేను చేరిన వారానికి నన్ను పిలిపించి, "తంబీ, నీకు చుక్కలు తెలుసునా?" అన్నారు.

"కాలేజీ బ్యాండులో రెండేళ్లు కార్నెట్ వాయించానండీ."

"నువ్వు వాయించింది నేను అడగలేదప్పా. చుక్కలు తెలుసునా?"

చుక్కలంటే అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య నొటేషన్. తెలుసునన్నాను. ఆ సాయంత్రం నుంచే నకళ్లు రాసే పని నా మీద పడింది. ఒక్కొక్క వాద్యానికి ఒక్కొక్క భాగం, ఒక్కొక్క భాగానికి ఒక్కొక్క కాగితం, అన్నీ చేత్తో రాయాలి. పదకొండుమంది బ్యాండుకు ఒక కొత్త పాట తయారు కావాలంటే నాకు నాలుగు సాయంత్రాలు పట్టేది. నకలు రాసేవాడు మామూలుగా చేసే తప్పు ఒకటే: చుక్క ఒక గీత పైకో కిందికో జారుతుంది. నేనూ చేసేవాణ్ని. మొదటిసారి అలాంటి తప్పు బయటపడి నేను నొచ్చుకున్నప్పుడు సుబేదారు గారు చెప్పిన మాట ఇది. నా జ్ఞాపకం మేరకు రాస్తున్నాను.

"రాసేవాడు మనిషి. కన్ను అలిసిపోతుంది, చుక్క జారుతుంది. కవాతు నడుస్తా ఉంటే కాగితం తప్పని నిలబడిపోతే పటాలం మొత్తం కాలు తప్పుతుంది. కాబట్టి సరైనది ఏదో అదే వాయించాలి. అయిపోయినాక పెన్సిలుతో పక్కన చిన్న గీటు పెట్టాలి. రాసినవాణ్ని నలుగురి ముందర పిలిచి చెప్పకూడదు. అది మా రూలు."

ఈ రూలును నేను విన్నాను, మెచ్చుకున్నాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. మెచ్చుకున్నవన్నీ గుర్తుండవు.

ఉప్పుగాలి

దస్తగిరి గారికి అప్పుడు నలభై దాటి ఉంటాయి. సన్నని మనిషి. ఎడమ చెవి మీద ఎప్పుడూ ఒక పొట్టి పెన్సిలు ఉండేది. పరుపు గుడ్డ మీద కొలతలకు గుర్తులు పెట్టుకునే పెన్సిలు అది. అభ్యాసానికి అందరికంటే ముందు వచ్చి, స్టాండు మీద కాగితం పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవారు. కొత్త పాట అయితే మొదటిసారి చాలా మెల్లగా, దాదాపు వినపడకుండా వాయించేవారు. రెండోసారికి బ్యాండు మొత్తం ఆయన వెనక నడిచేది. పుట తిప్పవలసిన చోట తిప్పేవారు. అప్పుడు నేను ఇంతకుమించి గమనించలేదు.

బ్యాండు వాళ్లలో ఒక నమ్మకం ఉండేది. మధ్యాహ్నం సముద్రం గాలి తిరగగానే వాద్యాల శ్రుతి దిగుతుందని, గాలిలోని ఉప్పు బరువు దానికి కారణమని. నేను నమ్మలేదు. శ్రుతి సరిచూసే ఇనుప ఫోర్కు ఒకటి, ప్రయోగశాల ఉష్ణమాపకం ఒకటి పెట్టుకుని రెండు నెలల పాటు పూటపూటా కొలిచాను. శ్రుతి దిగడం నిజమేనని తేలింది. ఉప్పుకు దానితో సంబంధం లేదు. గాలి తిరిగితే వేడి తగ్గుతుంది, వేడి తగ్గితే గొట్టంలో ధ్వని వేగం తగ్గుతుంది, అందువల్ల శ్రుతి దిగుతుంది. నల్లబల్ల మీద బొమ్మ వేసి బ్యాండుకంతటికీ పాఠం చెప్పాను.

అంతా విని దస్తగిరి గారు, "అయితే దిగేది నిజమేనా సార్?" అన్నారు.

"నిజమే. కారణమే మీరనుకున్నది కాదు."

"కారణం మీరు ఉంచుకోండి సార్. గాలి తిరిగినాక మేము మూతి బిగించాల్నా వద్దా, అది జెప్పండి చాలు."

"బిగించాలి."

"మా తాత గూడా అదే జెప్పినాడు. పాపం ఆయనకి ఫోర్కు లేదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒక మనిషి గమనించింది నిజమై, దానికి అతడు చెప్పే కారణం తప్పు కావచ్చునని ఆ రోజు నేర్చుకున్నాను. దాన్ని తిప్పి చూడడం నాకు తట్టలేదు: నేను గమనించింది నిజమై, దానికి నేను చెప్పే కారణం తప్పు కావచ్చునన్న సంగతి.

ముత్తుకూరు పెండ్లి

చెవితో వాయించేవాళ్లను పొగడడం ఇప్పుడు ఒక మర్యాద అయింది. నాకు ఆ మర్యాద లేదు. చెవికి ఉన్న లోపాలు నేను కొలిచి చూసినవే. సుబేదారు గారు స్వయంగా కట్టిన కవాతు పాట ఒకటి మా బ్యాండుకు ముఖ్యమైన పాట. ఆయన వయసు మీరి తడకు వెళ్లిపోయాక, బ్యాండు నా చేతికి వచ్చాక, ఒకసారి ఆయన స్వహస్తంతో రాసిన కాగితంతో మా వాయింపును పోల్చి చూశాను. రెండో భాగంలో ఒక దీర్ఘస్వరం పావు వంతు తగ్గిపోయింది. ఎప్పుడు తగ్గిందో ఎవరికీ తెలియదు. అది మొదటినుంచీ అంతేనని పదకొండుమందీ చెప్పారు. నిజానికి అందరి ముందూ సరైన కాగితమే ఉంది. చదవడం వచ్చిన రమణయ్య కూడా పొట్టిగానే వాయిస్తున్నాడు. బాగా తెలిసిన పాటను వాయించేటప్పుడు చదవగలవాడు కూడా కాగితం చూడడన్న సంగతికి అంతకంటే మంచి రుజువు దొరకదు. ఆ రుజువు నా చేతిలో ఉంది. దాన్ని నేను వాడుకోవలసిన చోట వాడుకోలేదు.

కాగితం మీద బతికేవాళ్ల లోపమూ చూశాను. ముత్తుకూరు వైపు ఒక రైతు ఇంట పెండ్లి ఊరేగింపులో, పొలాల మధ్య బాట మీద ఉండగా గాలి లేచింది. వాద్యాలకు బిగించిన క్లిప్పుల్లోంచి కాగితాలు ఒక్కొక్కటీ లేచిపోయాయి. చదివి వాయించేవాళ్లు ఒకరి వెనక ఒకరు ఆగిపోయారు. దస్తగిరి గారి కాగితమూ పోయింది. ఆయన తల కూడా తిప్పకుండా వాయిస్తూ నడిచారు. వెనక డ్రమ్ము ఒక్కటే ఆయనకు తోడు. రమణయ్య పంచె ఎగగట్టి వరిమడిలోకి దిగి బురదలో కాగితాలు ఏరుతున్నాడు.

పెండ్లికూతురి మేనమామ నా దగ్గరికి వచ్చాడు. "ఏందబ్బా మాస్టరూ, పదిమందిని పిలిస్తే ఒక్కడే ఊదతా ఉండాడు? మిగతా వాళ్లు నాట్లకి దిగినారా?"

అది విని ఊరేగింపంతా గొల్లుమంది. రమణయ్య మోకాళ్ల దాకా బురదతో గట్టెక్కి ఎవరి వంకా చూడలేదు. ఆ తరువాత చాలాకాలం అతన్ని చూస్తే, "రమణయ్యా, నాట్లు అయినాయా?" అని అడిగేవారు. అతను ఆ మాటను మరిచిపోలేదు. రమణయ్య చెడ్డవాడు కాదు. రాత్రింబవళ్లు కష్టపడి చదవడం నేర్చుకున్నాడు. ఆ కష్టం నలుగురి ముందు నవ్వులపాలు కావడం అతనికి భరించరానిదైంది.

పరీక్ష

అరవైల మధ్యలో విద్యాలయం వారు బ్యాండును స్థిరమైన శాఖగా చేయాలని నిర్ణయించారు. అంతవరకు వాయించిన రోజుకే వాళ్లకు పని. ఇకమీదట అయిదుగురికి నెలజీతం, ఆవరణలో ఇల్లు. నియమం ఒకటే: నొటేషన్ చదవడం రావాలి. ఆ నియమం పెట్టమని సలహా ఇచ్చింది నేను.

ఆ ఉద్యోగం దస్తగిరి గారికి ఎందుకు కావాలో నాకు తెలుసు. ఒకరోజు అభ్యాసం అయ్యాక క్లారినెట్ తుడుచుకుంటూ ఆయనే చెప్పారు.

"ఇది ఖాయమైతే ఇంక దూది జోలికి పోను సార్. దూది దుమ్ము ఊపిరి తింటాది. మా నాయన అట్టనే పోయినాడు. పగలు దూది ఏకి, సాయంత్రం ఈడికొచ్చి ఊదితే, ముందు మాదిరి నిలవడం లేదు. ఇంకో అయిదారేళ్లకి ఏదో ఒకటే మిగలతాది."

"మీకు కాకపోతే ఎవరికి ఖాయమవుతుంది?" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

ఆ తరువాత పదిరోజులకు రమణయ్య నా గదికి వచ్చాడు.

"సార్, ఒక మాట జెప్తాను, నా పేరు రానీయబాకండి. దస్తగిరన్నకి కాయితం రాదు సార్. ముందు నేను వాయించేది ఇని పట్టుకుంటాడు. పుట గూడా నన్ను జూసే తిప్పేది. ఆరేండ్లుగా ఒకే స్టాండు దగ్గర కూర్చోనుండాము, నాకు తెలీదా?"

ఎవరో చెప్పినంతలో నేను నమ్మను. అది నా గర్వం. కాబట్టి పరీక్ష పెట్టాను. సుబేదారు గారి కవాతు పాటకు మొదటి క్లారినెట్ భాగాన్ని కొత్త కాగితం మీద శుభ్రంగా రాసి, నాలుగో వరుసలో ఒక చుక్కను ఒక గీత పైకి జరిపాను. కంటితో వాయిస్తే మారిన స్వరం పలుకుతుంది, చెవితో వాయిస్తే పాత స్వరం పలుకుతుంది. మూడో దారి లేదనుకున్నాను.

ఆయన ఎన్నడూ వినని పాటను ముందు పెట్టవచ్చు కదా అని ఇది చదివేవారు అడుగుతారు. అదే సరైన పరీక్ష. పెట్టకపోవడానికి నేను అప్పుడు చెప్పుకున్న కారణం, కొత్త పాటలో చదవగలవాడూ తడబడతాడని. అసలు కారణం వేరు. ఒక్క చుక్కతో నిజం రాబట్టాలన్న ఉబలాటం నాది. ప్రయోగశాలలో అలాంటి పరీక్షను అందమైనది అంటారు.

ఎంపిక రోజున విద్యాలయం మేనేజరు గారు కుర్చీలో ఉన్నారు. బ్యాండు మొత్తం గోడవారగా నిలబడింది. ఒక్కొక్కరూ ఒంటరిగా వాయించాలి. దస్తగిరి గారు ఉతికిన తెల్లచొక్కాతో వచ్చారు. పెన్సిలు మామూలుగానే చెవి మీద ఉంది. కాగితం స్టాండు మీద పెట్టాను. ఆయన దాన్ని పైనుంచి కిందివరకు చూశారు, లేదా చూసినట్టు కనిపించారు. చదువుకుంటున్నట్టు పెన్సిలు తీసి చేత పట్టుకుని, ఒక క్షణం తరువాత మళ్లీ చెవి మీద పెట్టుకున్నారు. నేను అప్పుడు మేనేజరు గారికి ఏదో చెబుతున్నాను. ఆయన చెయ్యి కాగితాన్ని తాకిందో లేదో చూడలేదు.

వాయించారు. నాలుగో వరుసలో పాత స్వరమే పలికింది. శుభ్రంగా, ఏ తడబాటూ లేకుండా.

నేను లేచి వెళ్లి స్టాండు మీది కాగితం తీసి, "ఇక్కడ ఏముంది, మీరు ఏం వాయించారు?" అని, ఆ చుక్క మీద వేలు పెట్టి చూపించాను.

ఆయన నా వేలి వంక చూశారు. తరువాత నా ముఖం వంక, ఆ తరువాత మేనేజరు గారి వంక చూశారు. మెల్లగా అన్నారు:

"ఆ పాట అట్ట పోదు గదా సార్."

గోడ దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. నేను గెలిచాననుకున్నాను. మేనేజరు గారి వైపు తిరిగి, ఈయన కాగితం చూసి వాయించడం లేదని, చూస్తున్నట్టు నటిస్తున్నారని, ఆరేళ్లుగా అంతేనని చెప్పాను. చెబుతూ ఆ కాగితాన్ని రెండుగా, మళ్లీ నాలుగుగా చించాను. తప్పుడు కాగితం బ్యాండు గదిలో మిగలకూడదన్నది సాకు. ముక్కలు కిటికీలోంచి వేస్తే గాలికి పోయాయి.

మేనేజరు గారు సంగీతం తెలియని మనిషి. ఆయన ఒక మాట అడిగారు: "మాస్టరు గారూ, ఇంకొక పాట ఇచ్చి చూద్దామా? ఒక్కదానితోనే ఎందుకు?"

"అక్కరలేదండీ," అన్నాను.

నా వృత్తి జీవితంలో నేను అన్న మాటలన్నిటిలో ఎక్కువ నష్టం చేసింది ఆ ఒక్క మాటే. దస్తగిరి గారు క్లారినెట్ విప్పి, ఒక్కొక్క ముక్కా తుడిచి, గుడ్డలో చుట్టుకుని, అందరికీ సలాం చేసి వెళ్లిపోయారు. మొదటి క్లారినెట్ ఉద్యోగం రమణయ్యకు వచ్చింది. దస్తగిరి నటించాడన్న మాట ఊళ్లు తిరిగింది. పెండ్లి బ్యాండుల వాళ్లు కూడా పిలవడం తగ్గించారని విన్నాను. ఇది వినికిడే. అయినా నమ్మదగిన వినికిడి.

పాత పుస్తకం

రెండేళ్ల తరువాత సామాను గది శుభ్రం చేయిస్తుంటే మొదటి స్టాండు వారి పాత క్లారినెట్ పుస్తకం బయటపడింది. దస్తగిరి గారు, రమణయ్య ఇద్దరూ కలిసి ఆరేళ్లు వాడిన, రెండు భాగాలూ ఉన్న పుస్తకం. తిరగేస్తుంటే మొదటి క్లారినెట్ భాగంలో మూడు చోట్ల, చుక్క పక్కన, పెన్సిలుతో పెట్టిన చిన్న వాలు గీట్లు కనిపించాయి. మూలంతో పోల్చి చూశాను. మూడు చోట్లా చుక్క ఒక గీత జారింది. మూడూ నేను రాసిన తప్పులు. ఆరేళ్లలో ఎవరూ నాకు చెప్పలేదు. ఆ మూడు తప్పులనూ బ్యాండులో నేను ఒక్కసారి కూడా వినలేదు, అంటే మొదటి క్లారినెట్ వాటిని సరిచేసే వాయించింది.

సుబేదారు గారి రూలు మాటకు మాటగా గుర్తుకు వచ్చింది. సరైనది వాయించాలి, పక్కన గీటు పెట్టాలి, రాసినవాణ్ని నలుగురి ముందర పిలిచి చెప్పకూడదు. అలాంటప్పుడు ఎంపిక రోజున తప్పు చుక్కను నిజంగానే చూసిన మనిషి ఏం చేస్తాడు? సరైన స్వరం వాయిస్తాడు. మాస్టరు వేలు పెట్టి అడిగితే, మేనేజరు ముందర "మీరు తప్పు రాసినారు" అనలేక, పాట అట్లా పోదు కదా అని ఊరుకుంటాడు.

ఇది నిర్ధారణ కాదు. పుస్తకం ఇద్దరిది. రమణయ్యను పిలిచి గీట్లు చూపించాను. చాలాసేపు చూసి, "నేను పెట్టుండొచ్చు సార్. పెట్టకపోయుండొచ్చు. గుర్తు లేదు," అన్నాడు. అతను నా కళ్లలోకి చూడకపోవడం రుజువు కింద రాదు. మడి నుంచి గట్టెక్కిన నాటినుంచీ అతను ఎవరి కళ్లలోకీ సరిగా చూసేవాడు కాదు.

తడకు సుబేదారు గారికి ఉత్తరం రాశాను. ఆయన జవాబు మూడు వాక్యాలు: "ఆ మనిషిని మూడేళ్లు వాయింపించాను. చదువుతాడో లేదో నేను ఎన్నడూ అడగలేదు, అడగవలసిన పని రాలేదు. నీకు ఎందుకు వచ్చింది?"

పరుపు

పుస్తకాన్ని సంచిలో పెట్టుకుని అల్లూరు వెళ్లాను. మధ్యాహ్నం. అంగడి ముందు దూది కుప్ప, గుమ్మంలో దస్తగిరి గారు. ముక్కుకు గుడ్డ కట్టుకుని ఉన్నారు. నన్ను చూసి గుడ్డ కిందికి లాగి, "రండి సార్, రండి. బాగుండారా?" అని ముక్కాలిపీట తుడిచి వేశారు. మాట మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చి ఆగారు. అది దుమ్ము వల్లనేనని నేను చెప్పలేను. ఏ వైద్యుడూ చూడలేదు. గోడకు క్లారినెట్ వేలాడుతోంది. దాని మీద కూడా సన్నగా దూది పట్టింది.

వచ్చిన పని చెప్పకుండా, పరుపు కావాలన్నాను.

"ఒకరికా, ఇద్దరికా?"

"ఒకరికే."

గుడ్డ పరిచి, మూర వేసి కొలిచి, చెవి మీది పెన్సిలు తీసి గుర్తులు పెట్టారు. చిన్న వాలు గీట్లు. పుస్తకంలోని గీట్ల లాగానే ఉన్నాయనిపించింది. కాని వాలు గీటు ఎవరు పెట్టినా వాలు గీటు లాగానే ఉంటుంది. సంచిలో పుస్తకం ఉంది. తీయలేదు.

చివరకు అడిగాను. "దస్తగిరి గారూ, ఆ రోజు ఆ చుక్క మీరు చూశారా?"

ఆయన గుడ్డ మీద నుంచి తల ఎత్తలేదు. అలాగే నవ్వారు.

"ఇప్పుడు నేను చూడలేదంటే మీరు నమ్మతారు సార్. చూసినానంటే ఇంకో పరీక్ష పెడతారు. ఊపిరి ఉన్నప్పుడు పెట్టుంటే వాయిద్దును. ఇప్పుడేం పెడతారు?"

"నేను తప్పు చేశానేమో అని వచ్చాను."

"ఏమో అని వస్తే ఎట్ట సార్? చేసినాననుకుంటే రావాల." మళ్లీ తానే తగ్గి, "పోనీయండి. దూది ఏ రకం వెయ్యమంటారు? బూరుగు దూది అయితే మెత్తగా ఉంటాది, నిలవదు. పత్తి అయితే కొంచెం గట్టి, పదేండ్లు ఉంటాది."

"పత్తే వేయండి."

లేచి గుమ్మం దాటుతుండగా వెనక నుంచి పిలిచారు.

"సార్. ఆ కాయితం ఉంటే అదే జెప్పేది. మీరే గదా చించేసినారు."

ఆ మాటకు రెండు అర్థాలు తీయవచ్చు. కాగితం మీద ఆయన గీటు పెట్టారని, నేను దాన్ని చూడకుండానే చించానని ఒకటి. చెయ్యి దురుసు చూపిన మాస్టరుకు ఒక చురక అని రెండోది. ఏది నిజమో నాకు తెలియదు. ఆయన తరువాత నాలుగేళ్లకు చనిపోయారు. పరుపు పదేళ్లు కాదు, పద్దెనిమిదేళ్లు నిలిచింది.

మీరు ఎవరినైనా పరీక్షించవలసి వస్తే, ఒక్కొక్క ఫలితానికి ఎన్ని కారణాలు ఉండవచ్చో ముందే రాసి పెట్టుకోండి. నా పరీక్షకు కనీసం మూడు ఉన్నాయి: చదవలేనివాడు అలా వాయిస్తాడు, చదవగలిగీ తెలిసిన పాట కావడంతో కాగితం చూడనివాడు అలా వాయిస్తాడు, చూసి నా తప్పును నా పరువు కోసం దాచినవాడు కూడా అలాగే వాయిస్తాడు. నేను మొదటిదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకున్నాను. రెండోదానికి సాక్ష్యం అప్పటికే నా చేతిలో ఉంది. మూడోదాన్ని సుబేదారు గారు "మా రూలు" అని చెప్పి మరీ నేర్పారు.

చదవడమా చెవా అన్న మీ ప్రశ్నకు నా జవాబు రెండూ కావాలని. అందరూ చెప్పే జవాబు అదే. దానికి ఇంత రాయనక్కరలేదు. నాకు మిగిలిన ప్రశ్న వేరు. ఆ రోజు నాలుగో వరుసలో, నేను జరిపిన చుక్క పక్కన, పెన్సిలు గీటు ఉందా? దీనికి జవాబు దొరకదు. ఆ కాగితాన్ని చించడానికి ముందు చేతిలో పట్టుకుని ఉన్నాను, వేలు సరిగ్గా ఆ చుక్క మీదే ఉంది. నా వేలి కింద ఏముందో నేను చూడలేదు.